సిలిండర్ ఎటు తూలుతుంది?

మన ఊపిరిని క్షణక్షణం కాచి నడిపిస్తున్న దేవునికి స్తోత్రం. ఆయన కృపను ముందుగా తలచుకోకుండా ఈ మనిషి గురించి రాయలేను.

నిన్న నానక్‌రామ్‌గూడ దగ్గర మా షేర్ ఆటో ఒక్కసారిగా బ్రేకు వేసింది. అందరం ముందుకు తూలాం. ముందు సీటు ఇనుప కడ్డీ అరచేతికి గట్టిగా తగిలింది, కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. వెంటనే యాదగిరి సార్ గుర్తొచ్చారు.

ఆయన హైటెక్ సిటీలో నా మొదటి టీమ్ లీడ్. సిద్దిపేట వైపు మనిషి. యంత్రభాగాలు ఎంత బలానికి తట్టుకుంటాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం మా పని. ఏ భాగానికైనా ఆయన ముందు తూకం వేయించేవారు. అంటే, లెక్కలో భూమ్యాకర్షణ ఒక్కటే పెట్టి, ఆధారాల దగ్గర వచ్చిన బలాలు కూడితే అది భాగం బరువుకు సరిపోవాలి. "బరువే తెల్వనోడివి, దెబ్బ ఎంతనో ఏం చెప్తవ్ రా?" అని నవ్వుతూనే కడిగేసేవారు. తన లెక్కను మాత్రం టీమ్‌లో అందరికన్నా చిన్నవారికిచ్చి సరిచూడమనేవారు. అప్పట్లో ఆ చిన్నదాన్ని నేనే.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. సార్ సెలవు పెట్టి ఊరేగింపులకు వెళ్లేవారు. మేనేజర్ ప్రసాద్‌గారిది మా భీమవరమే. ఆయనకు అది గిట్టేది కాదు. "ఒక్క తప్పు దొరకనివ్వండి, చూస్తాను" అని అందరి ముందే అనేవారు. క్యాంటీన్‌లో తెలంగాణవాళ్లదొక బల్ల, మా ఆంధ్రావాళ్లదొక బల్ల అయిపోయింది.

ఒక బంద్ రోజు, బస్సుల్లేక, సార్ హఫీజ్‌పేట్ నుంచి, నేను నిజాంపేట హాస్టల్ నుంచి నడిచే వచ్చాం. అంబులెన్సులో ఆక్సిజన్ సిలిండర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ లెక్క ఆయనే చేశారు. బంద్ వల్ల ఆలస్యమవుతుందని రిపోర్టు ముందురోజే పంపేశారు. నా పరిశీలన మాత్రం మిగిలిపోయింది. ఆ సాయంత్రమే బ్రాకెట్ చేసే కంపెనీలో తయారీ మొదలవుతుంది.

తూకం సరిపోయింది. కానీ బ్రేకు పడితే ఏమవుతుందో తెర మీద చూపే బొమ్మ నన్ను ఆపేసింది. బండి ఆగితే సిలిండర్ ముందుకు తూలాలి, బెల్టు బిగుసుకోవాలి. బొమ్మలో బెల్టు వదులుగా ఉంది, సిలిండర్ వెనక పలకను ఒత్తుతోంది. మా సాఫ్ట్‌వేర్‌కు బండి వేగం ఎటు మారుతోందో చెప్పాలి, అంటే వెనక్కి. ఆ దిశ చూపే బాణాన్ని సార్ సిలిండర్ తూలే వైపు పెట్టేశారు. లెక్కంతా తిరగబడింది.

రోగి తల పక్కనే ఉండే సిలిండర్ అది. చెబితే సార్ పని అయిపోతుంది. ఆంధ్రా పిల్ల పట్టించిందంటారు. మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మా చర్చిలో చిన్నప్పటి నుంచి నేర్చుకున్న ప్రార్థనలేవీ నోటికి రాలేదు. "ప్రభువా, ధైర్యమియ్యి" అని మాత్రం అనగలిగాను.

"సార్, ఒకసారి ఇటు చూడండి. బెల్టు వదులుగా ఉందండి."

"ఏంది రూతమ్మా, కట్టుడే మర్చిపోయిన్నా?" అంటూ వచ్చారు. తెర చూడగానే నవ్వు ఆగిపోయింది. "బాణం ఎటున్నది?"

"ముందుకండి."

ముందుకు వంగి ఆ బాణాన్ని తనే మరోసారి చూసుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ప్రసాద్ సార్‌కు చెప్పినవా?" అన్నారు.

"లేదండి."

"నువ్వు చెప్పకు."

ఒక్క క్షణం నాకు భయమేసింది. ఆయన ఫోన్ అందుకుని నేరుగా ఆ కంపెనీకే చేశారు. "తయారీ ఆపుండ్రి. లెక్కల తప్పున్నది. తప్పు నాదే." ఆ తర్వాతే మేనేజర్ గదిలోకి వెళ్లారు. తలుపు తెరిచే ఉంది.

"ఊరేగింపుల్లో తిరిగేవాడికి బుర్ర ఇక్కడెందుకుంటుందండీ?"

"ఊరేగింపుకు పోయింది నేనే, బాణం పెట్టింది నేనే సార్. రెంటికీ జవాబు నాదే. ఆ పిల్లనేమనకుండ్రి."

దిశ మార్చి లెక్క మళ్లీ నడిపాం. ఫలితం వచ్చేదాకా సార్ నా కుర్చీ వెనకే నిలబడ్డారు. బెల్టు బోల్టు దగ్గర బొమ్మ ఎర్రబడింది. అంటే, గట్టిగా బ్రేకు పడితే ఆ బోల్టు తెగిపోతుంది. "దేవుడున్నడు" అన్నారు మెల్లగా. ఏ దేవుడని ఆయనను నేను అడగలేదు.

సార్ లీడ్ పదవి పోయింది. సామాన్లు తెచ్చుకుని నా పక్క సీట్లో కూర్చుంటూ, "ఇగ నీది నేను చూస్త, నాది నువ్వు చూడు. ఫికర్ చెయ్యకు" అన్నారు.

ఇప్పుడు నేను లీడ్‌ని. నా తప్పు ఎవరైనా చూపిస్తే ఇప్పటికీ ఏదో ఒక సాకు నాలుక మీదికొస్తుంది. అప్పుడు ఆయన ఫోన్ అందుకున్న తీరు కళ్లముందు నిలుస్తుంది. చదువుతున్న మీరూ ఒక్క నిమిషం నాతో తల వంచండి. ప్రభువా, మా తప్పు చెప్పడానికి వచ్చే చిన్నవారు మా ముఖం చూసి మెట్ల దగ్గర ఆగిపోకుండా చేయి. ఆమేన్.