ఆంగస్ సార్ పేరున్న ఒకే ఒక్క కథ

2004 జూన్‌లో ఒక శనివారం నేను పనిచేసే స్కూలుకు ఫోన్ వచ్చింది. బెంగళూరు పక్కన యలహంక నుంచి సరోజమ్మక్క. ఆంగస్ సార్ అద్దెకున్న ఇల్లు ఆమెది.

"మీ సారు వచ్చే వారం వాళ్ల దేశానికి పోతా ఉండాడప్పా. ఇంక తిరిగొచ్చేది లేదంట. నిన్ను ఒకసారి రమ్మన్నాడు" అంది.

ఆరేళ్లుగా నేను ఆయనకు ముఖం చూపించలేదు. మర్నాడు ఉదయం ఏడింటికి హిందూపురంలో ప్యాసింజర్ ఎక్కాను. యలహంక వెళ్లేవాళ్లకు ఈ బండే మేలు. పొద్దున పూట కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ తగలదు.

ఎదురు సీట్లో గోరంట్ల నుంచి పనికి పోతున్న మేస్త్రీ, ఆయన భార్య కూర్చున్నారు. ఎవరింటికని అడిగితే, నాకు బొమ్మలు నేర్పిన స్కాట్లాండ్ ఆయన దగ్గరికని చెప్పాను.

"తెల్లాయప్ప యలహంకలో ఏం చేస్తాండాడు సారూ?" అని మేస్త్రీ నవ్వాడు.

గౌరిబిదనూరులో ఇడ్లీలు తింటూ చెప్పాను. ఆంగస్ సార్ తండ్రి ఓడలు కట్టే చోట రివెట్లు కొట్టేవాడు. కొడుకు పదిహేనేళ్లకే ఒక కామిక్స్ పత్రికలో చేరాడు. మొదట ఇతరుల పేజీలకు గడులు గీసే పని. తర్వాత సొంతంగా యుద్ధకథలు, ఫుట్‌బాల్ కథలు. ముప్పై ఏళ్లపాటు వారం తప్పకుండా గీశాడు. ఏ పేజీ కిందా సంతకం పెట్టనిచ్చేవారు కాదు. ఒకసారి సిపాయి బూటు మడతలో సన్నగా పేరు రాస్తే, అచ్చులో అక్కడ తెల్లరంగు పూసి ఉందట. చివరికి పత్రిక మూతపడింది. గోడౌన్‌లో తడిసిన ఆయన అసలు పేజీలన్నీ చెత్తలోకి పోయాయి. భార్య అంతకుముందే చనిపోయింది. 1995లో బెంగళూరు మడివాళలో ఒక కంపెనీ వెలిసింది. విదేశీ పత్రికలకు ఇక్కడ బొమ్మలు గీయించి పంపడం దాని వ్యాపారం. మాకు నేర్పడానికి ఆయన్ని పిలిపించింది. అప్పటిదాకా హిందూపురంలో సినిమా బోర్డులు రాసే నేనూ అందులో చేరాను.

"గొప్పాయప్పే" అంది మేస్త్రీ భార్య.

మిగతాది వాళ్లకు చెప్పలేదు. 1998లో మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. "ఆయన స్టైల్ నీకు పర్ఫెక్ట్‌గా వచ్చేసింది కదా. ఇంక ఆయనెందుకప్పా మనకు?" అన్నాడు. నేను మాట్లాడలేదు. మరుసటి సోమవారం ఆయన బల్ల నాదైంది. నేను గీసిన పేజీలు మాత్రం ఆయన పేరుతోనే విదేశానికి పోయేవి. పాఠకులకు తెలియకపోయినా అక్కడి సంపాదకులకు ఆ పేరు తెలుసు, వాళ్లకు కావలసింది అదే. రెండేళ్లకు కంపెనీ మూసేశారు. నేను ఊరికొచ్చి డ్రాయింగ్ మాస్టరయ్యాను. ఆయన యలహంకలో పిల్లలకు బొమ్మల ట్యూషన్ చెప్పుకుంటూ ఉండిపోయాడు.

తొమ్మిదిన్నరకు యలహంకలో దిగి, ఆటోలో పాత ఊరికి చేరాను. సరోజమ్మక్క గుమ్మంలోనే ఆపింది.

"చెయ్యి వణుకుతా ఉండాది ఆయనకి. కాఫీ లోటా కూడా పట్టుకోలేడు. చూసి బేజారు పడద్దప్పా."

ఆంగస్ సార్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. భుజాలు సగమయ్యాయి. పలకరింపులేమీ లేకుండా ఒక లావాటి పుస్తకం నా ఒళ్లోకి తోశాడు. పాత సంచికల్లోని యుద్ధకథలన్నీ కలిపి అక్కడ కొత్తగా వేశారట. మేనకోడలు పంపింది.

"తిప్పు" అన్నాడు ఇంగ్లీషులో.

తిప్పాను. "ఇది నాది. ఇదీ నాదే" అని చెబుతూ పోయాడు. ప్రతి కథ కిందా 'చిత్రకారుడు తెలియదు' అని ఉంది. చివరి కథ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఆయన పేరు పూర్తిగా అచ్చయి ఉంది.

"ఇది ఎవరు గీశారు?"

"నేనే సార్."

"తెలుసు. నా సిపాయిలు ఇంత అందంగా చావరు."

కలం తీసి నా ముందు పెట్టాడు. "నా పేరు కొట్టేసి నీ పేరు రాయి."

"ఉండనివ్వండి సార్. ఒక్కచోటైనా మీ పేరు..."

"నా బొమ్మ కింద నా పేరు లేకపోయినా బతికాను. ఇంకొకడి బొమ్మ కింద ఉంటే నాకు సిగ్గు. కొట్టెయ్."

కొట్టేశాను. పక్కన నా పేరు రాశాను. విమానదళం జెట్ ఒకటి ఇంటి మీదుగా పోయింది. కలం మూత పెట్టి మంచం మీద ఉంచాను.

"నేను తప్పు చేశాను సార్" అన్నాను.

"అవును" అన్నాడు.

పుస్తకం మళ్లీ మొదటి కథకు తిప్పాను.

"మీ కథలన్నిటి కింద మీ పేరు రాసి ఇస్తాను సార్" అన్నాను.

ఆయన వణికే చేత్తో పుస్తకం లాక్కుని మూసేశాడు. "వద్దు. నీ చేత్తో వద్దు."

సరోజమ్మక్క బలవంతం మీద వంటింట్లో కూర్చుని రాగిముద్ద, ఆకుకూరతో కాచిన సొప్పు సారు తిన్నాను. ఆయన గదిలోంచి బయటికి రాలేదు. వెళ్లొస్తానని తలుపు దగ్గర నిలబడి చెబితే, కళ్లు మూసుకునే తలూపాడు.

మధ్యాహ్నం మూడున్నర ప్యాసింజర్‌లో సీటు సులభంగానే దొరికింది. దొడ్డబళ్లాపురం దాటాక చినుకులు మొదలయ్యాయి. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికవుతుందని ఆరేళ్లుగా అనుకున్నాను. ఒప్పుకుని వస్తున్నాను. ఏమీ తేలిక కాలేదు.

పక్కనున్న పెద్దాయన ఏం పనని అడిగాడు. చెప్పాను.

"డ్రాయింగ్ మాస్టరా! మీ బొమ్మలు యాడన్నా పుస్తకంలో పడినాయా?"

"ఒకదాంట్లో పడ్డాయి."

"పేరుతోనా?"

"పేరుతోనే" అని ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను.