ఆ గంప నేను దించలేదు

తాండూరులో నా మేనకోడలి బలవంతపు పెళ్లి నేనే ఆపానని అందరూ మెచ్చుకుంటారు. అది అబద్ధం. వేరే కులం అబ్బాయిని ఇష్టపడిందని ఆమెను గదిలో పెట్టి తాళం వేసింది నేనే.

పెళ్లిరోజు ఇంట్లో ఆమెను గంపలో కూర్చోబెట్టి, మేనమామగా మండపానికి మోసుకెళ్లబోతున్నాను. అప్పుడే వికారాబాద్ నుంచి ఒక అక్క వచ్చింది. ఇలాంటి పెళ్లిళ్లు వద్దని ఊరూరా తిరిగే మనిషి.

"బిడ్డా, నీకిష్టమేనా?" అని అడిగింది.

"మా ఇంటి పరువు నీకెందుకు? నడువ్ బయటికి!" అని ఆమెను నెట్టాను.

"నిన్నడుగుతలేనన్నా, బిడ్డనడుగుతున్న."

మేనకోడలు గంపలోంచి లేచింది. "మామా, నన్ను మొయ్యకు. నాకు కాళ్లున్నయి" అని అక్క వెంట నడిచి వెళ్లిపోయింది.

జరిగింది చూడని జనం మండపం నుంచి వచ్చి, ఖాళీ గంపతో నిలబడ్డ నన్ను చూసి, పిల్లను నేనే దించి పంపానని అనుకున్నారు. నేను కాదనలేదు. ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా గంప కనబడితే అక్కడ ఉండలేక బయటికి వచ్చేస్తాను.