వేపమండ పీకిన చెయ్యి

పాస్టరు చదువు చదివేటప్పుడు మాకు గ్రీకు చెప్పిన పంతులుగారు ఒక్క క్రియ మీద మూడు రోజులు గడిపారు. స్ప్లాంఖ్నిజొమై. తెలుగులో దాన్ని కనికరపడడం అంటాం. మాట మంచిదే గానీ మరీ మెత్తన, అన్నారాయన. గుండె, కాలేయం, పేగులు, బలిపశువు కడుపులోంచి తీసే వాటన్నిటికీ గ్రీకులో ఒక పేరుంది. ఆ పేరులోంచి పుట్టిన క్రియ ఇది. మన ఆడవాళ్ళు కడుపు తరుక్కుపోయింది అంటారే, దానికి దగ్గర. సువార్తల్లో అది ఎక్కువగా యేసు గురించి వస్తుంది, మిగతావి ఆయన చెప్పిన కథల్లో. ఆ క్రియ దగ్గర కథ ఆగదర్రా అని బల్ల మీద చరిచి చెప్పారు. వెంటనే ఒక పని ఉంటుంది. కుష్ఠరోగిని చూసి కడుపు కదిలితే చెయ్యి చాపి ముట్టుకున్నాడు. తప్పిపోయిన కొడుకును చూసి కదిలితే ఆ తండ్రి పరుగెత్తాడు. నేను నోటుబుక్కులో ఆ ముక్క కింద రెండు గీతలు కొట్టుకున్నాను. పరీక్షలో మార్కులూ బాగానే వచ్చాయి.

ఇరవై ఆరేళ్ళకి నన్ను ఆగిరిపల్లి పక్క ఒక పేటకి పాస్టరుగా వేశారు. ముప్పై గడపలు. అందరూ మామిడి తోటల్లో కూలికి పోయేవాళ్ళే. బాప్తిస్మం తీసుకున్నా పాత అలవాట్లు వదలరని నాకు మహా కోపం. మెడలో తాయెత్తు కనిపిస్తే అక్కడికక్కడే తెంచేసేవాణ్ణి. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం, రసాలు కోతకొచ్చిన రోజులు. మా సంఘంలో ఒకతను ఒక తోటకి కాపలా ఉండేవాడు. పెళ్ళాంతో, పదేళ్ళ కూతురితో తోటలోనే పాకలో కాపురం. ఆ పిల్లకి అమ్మవారు పోసిందని తెలిసి సైకిలేసుకుని వెళ్ళాను. పాక గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. మా వైపు మశూచి వచ్చిన ఇంటికి వేపమండ కడతారు. అది చూసినవాళ్ళెవరూ ఆ గడప తొక్కరు. నాకు మాత్రం అందులో విగ్రహారాధన తప్ప ఇంకేమీ కనపడలేదు. నా ఒళ్ళు మండిపోయింది.

అతను చేతులు జోడించాడు. “మొక్కు కాదండి అయ్యగారూ. ఎవరూ తెలీక లోపలికి రాకుండా కట్టానండి.”

నేను వినలేదు. చెయ్యి చాపి మండలు పీకి దూరంగా విసిరేశాను. మళ్ళీ కడితే సంఘంలోంచి తీసేస్తానని కూడా అన్నాను. ఆ తరవాత గుమ్మంలోనే నిలబడి ప్రార్థన చేశాను. లోపల అరిటాకు మీద ఆ పిల్ల పడుకుని ఉంది. ఒంటి మీద సూది మోపే చోటు లేదు. నిజం చెబుతున్నాను, నా కడుపు తరుక్కుపోయింది. కానీ గడప దాటలేదు. నా జబ్బ మీద టీకా మచ్చలున్నాయి, ముట్టుకుంటే నాకేమీ కాదని తెలుసు. అయినా ముట్టుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం వడగాడ్పు కొట్టింది. ఆ రోజే ఆ తోటలో కాయ కోతకి దిగిన ఒకామె, మా పేటామే, ఆరు నెలల కొడుకు గుక్కపెట్టి ఏడుస్తుంటే నీడ కోసం ఆ పాకలోకి వెళ్ళింది. కాపలా అతను తోట చివర కోతుల్ని తోలుతున్నాడు. అతని పెళ్ళాం నీళ్ళకి పోయింది. గుమ్మానికి ఏమీ లేదు. పిల్లాణ్ణి కింద పడుకోబెట్టి కుండలో నీళ్ళు ముంచుకుంటే గానీ ఆ చీకట్లో పక్కనున్న పిల్ల కనపడలేదట. ఎత్తుకుని పరుగెత్తింది. ఆమెకి చిన్నప్పుడే పోసి తగ్గింది కాబట్టి ఆమెకేమీ కాలేదు.

రెండు వారాలకి పిల్లాడికి జ్వరం వచ్చింది. నేను నూజివీడు పోయి టీకాలాయన్ని వెంటబెట్టుకొచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. కాపలా అతని కూతురు మొహం నిండా మచ్చలతో బతికింది. ఈ పిల్లాడు బతకలేదు.

గుంటలో మట్టి వేస్తూ నేను దేవుడి చిత్తం అన్నాను. ఛీ, ఆ మాటకి నోరెలా వచ్చిందో! ఆ రోజు నించీ నాకు అన్నం లోపల ఇమిడేది కాదు. పంతులుగారు మూడు రోజులు చెప్పింది నా పేగులకి అప్పుడు అర్థమైంది. ఆ తరవాత చేయాల్సిన పని ఒక్కటే, ఆ పిల్లాడి తల్లి దగ్గరికి వెళ్ళి మండలు పీకింది నేనని చెప్పడం. సంఘం విరిగిపోతుందనీ, ఉద్యోగం పోతుందనీ భయపడ్డాను. చెప్పలేదు. ఆమె మాత్రం ఒక్క ఆదివారం మానకుండా వచ్చి వెనక గోడ పక్కన కూచునేది. ప్రార్థన చెయ్యమని ఎన్నడూ అడగలేదు.

అలా ఏడు ఎండాకాలాలు గడిచాయి. నన్ను మైలవరం మార్చారు. సామాను కట్టిన రోజు పొద్దున్నే తోటకి వెళ్ళాను. ఆమె గంపలో గడ్డి పరిచి కాయలు పేరుస్తోంది. చుట్టూ కూలి మనుషులున్నారు. నిలబడే చెప్పాను, మొత్తం. ఆమె చేతులు ఆగలేదు. కాయ మీద సొన తుడుస్తూ వింది.

“కాపలా అతను అప్పుడే చెప్పాడండి,” అంది. “మీరొచ్చి చెబుతారేమోనని చూశాను. ఆదివారం ఆదివారం అందుకే వచ్చాను. మీ ప్రసంగానికి కాదండి.”

క్షమించమ్మా అన్నాను. ఆమె తలెత్తి మొదటిసారి నా మొహంలోకి చూసింది.

“మట్టేసేటప్పుడు దేవుడి చిత్తం అన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోండి.”

తీసుకున్నాను. దేవుడు కాదు, నేను, అని కూలి మనుషులందరూ వింటుండగా గట్టిగా చెప్పాను. ఆమె కాయల మీద గడ్డి కప్పి, తలగుడ్డ చుట్టుకుని, గంప పక్కన వంగింది. నిండు గంప ఒక్కరే తలకెత్తుకోలేరు, రెండో మనిషి చెయ్యి వెయ్యాలి. నేను ముందుకు వెళ్ళి చెయ్యి చాపాను. ఆమె అవతలి చెట్టు కిందున్న ముసలామెను పిలిచి, ఆమె చేత ఎత్తించుకుని వెళ్ళిపోయింది.