రొయ్యలకు రాసిన మాట

ఇంగ్లీషులో నాకు ఒక్క మాట మీద పిచ్చి పట్టింది: అట్రాక్టివ్‌లీ. అందంగా, చూడగానే ఆకట్టుకునేలా అని అర్థం. బందరులో డీటీపీ షాపు నడుపుతూ ఎవరి బోర్డు రాసినా అందులో ఆ మాట ఇరికించేవాణ్ణి. పెడన కలంకారీ చీరలకు 'అట్రాక్టివ్‌లీ ప్రింటెడ్' అని రాసినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత నాగాయలంక రొయ్యలు 'అట్రాక్టివ్‌లీ గ్రోన్' అయ్యాయి. ఒక ఐసు ఫ్యాక్టరీకి 'అట్రాక్టివ్‌లీ కోల్డ్' అని రాసిస్తే ఓనరు మురిసిపోయి లారీ వెనక కూడా వేయించుకున్నాడు.

మా నాన్న గిలకలదిండి హార్బర్లో వలలు బాగుచేసేవాడు. ఇంగ్లీషు ముక్క రాదు గానీ ఆ మాట మాత్రం తెగ నచ్చింది. ఆదివారం చర్చికి బయల్దేరే ముందు తల దువ్వుకుని, "ఏమే, అట్రాక్టివ్‌లీ ఉన్నానా?" అని అమ్మను అడిగేవాడు.

"ఆఁ, ఉన్నారు లెండి. పదండి" అనేది అమ్మ.

మా అక్క మొగుడు గుడివాడలో ఇంగ్లీషు లెక్చరర్. ఓసారి ఆ రొయ్యల బోర్డు చూసి బస్టాండులో అందరి ముందూ పడీపడీ నవ్వాడు.

"ఏంటయ్యా ఇది? రొయ్యలు పౌడర్ రాసుకుని పెరుగుతాయా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ రోజే ఆ మాట మానేశాను.

తర్వాత నాన్న పోయాడు. ఏడాది తిరిగేసరికి సమాధిరాయి నిలపాలి. మావాళ్ళ పద్ధతే అంత, జీవితమంతా తెలుగులో ప్రార్థన చేసినవాడికైనా రాయి మీద ఇంగ్లీషు ఉండాల్సిందే. 'స్లీపింగ్ ఇన్ జీసస్' అని రాసి అమ్మకు చదివి వినిపించాను.

"ఆ మాట ఏదిరా?" అంది అమ్మ.

"అక్కడ పెట్టకూడదమ్మా. నవ్వుతారు."

"రొయ్యలకు రాశావు, ఐసుకు రాశావు. మీ నాన్న దగ్గరికొచ్చేసరికి సిగ్గొచ్చిందా?"

అని ఏడ్చింది. నాకు తలెత్తి ఆమె మొహం చూడబుద్ధి కాలేదు.

'అట్రాక్టివ్‌లీ స్లీపింగ్ ఇన్ జీసస్' అని చెక్కించాను. చోటు చాలక చెక్కేవాడు ఆ మాటను రెండు వరుసల్లోకి విరిచాడు. రాయి నిలిపిన రోజు ప్రార్థన మధ్యలో బావ అది చదివి, కర్చీఫ్ మొహాన అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "అల్లుడికి మావగారంటే ఎంత ప్రేమో" అంటూ మా మేనత్తలిద్దరూ వీపు నిమిరారు. పాస్టరుగారు మంచినీళ్ళు ఇప్పించారు.

అందరూ వెళ్ళాక అమ్మ కొంగుతో రాయి తుడిచి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

"ఆఁ, ఉన్నారు లెండి" అంది.