నలభై అడుగుల నీళ్లకు ఎన్ని హార్సుపవర్లు?

వరసగా మూడేళ్లు వేరుశనగ ఎండిపోయాక, మా బావ ఓబుళేశు బెంగళూరికి ఒంటరిగా కూలికి పోతానని మూట కట్టాడు. అక్క ఏడ్చింది. అంతలో హొసపేట డ్యాములో జనాన్ని షికారు తిప్పే పని కుదిరేలా ఉందని కబురొచ్చింది. ఆ పని నిలిస్తే అక్కా పిల్లలూ ఆయన దగ్గరే ఉండొచ్చు. పడవ, ఇంజను మాత్రం తానే తెచ్చుకోవాలి. డీజిలు ఎక్కువ తాగేది తగిలిందా, మళ్లీ బెంగళూరే.

నాగలమడికలో బావుల మీది ఇంజన్లు బాగుచేసేవాణ్ణి కదా, మంచిది ఎంచిపెట్టమని అక్క నన్ను వెంట పంపింది. అప్పటిదాకా నేను పడవను బొమ్మల్లోనే చూశాను. ఆ సంగతి అక్కకు చెప్పలేదు.

పొద్దున ఆరింటికి పావగడలో బస్సెక్కాం. పక్క సీటు అవ్వ యాడికని అడిగింది.

"పడవ చూసేకి పోతాండాం అవ్వా," అన్నాడు బావ.

"తాగేకే నీళ్లు ల్యావు, నీకు పడవ కావాల్సొచ్చిందా!" అని నవ్వి, మా ఇద్దరికీ గుప్పెడేసి వేయించిన శెనక్కాయలు పెట్టింది.

కల్యాణదుర్గంలో బస్సు మారి, పదకొండున్నరకు బళ్లారి చేరాం. మీరెవరైనా పోతే అక్కడే కడుపునిండా తినేయండి. డ్యాము దగ్గర టీ తప్ప ఏమీ దొరకలేదు.

మూడింటికి పడవల షెడ్డులో ఉన్నాం. మేస్త్రి కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన ముసలాయన. నేను పెద్ద పనిమంతుడిలా, "నీళ్లెంత లోతు?" అన్నాను. నలభై అడుగులన్నాడు. "అయితే ఇరవై హార్సుపవరన్నా కావాలి బావా," అన్నాను. మా వైపు బావుల్లో నీళ్లెంత కిందికి పోతే ఇంజను అంత పెద్దది కావాలి మరి.

మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "లోతుతో పనేంటండీ? నీళ్లు తోడతారా ఏంటి? పరిగెత్తాలంటే అడుగు బల్లపరుపుగా ఉండి, పెద్దింజను కావాలండి. నెమ్మదిగా తిప్పడానికి సన్నగా పొడుగ్గా, గుండ్రటి అడుగున్నది చాలు. ఐదు హార్సుపవరు సరిపోద్ది."

నాకు సిగ్గేసింది. బావ మాత్రం నమ్మలేదు.

రాత్రి లాడ్జిలో పడుకుని, తెల్లారి ఏడింటికి ఆ రెండు రకాల పడవల్లోనూ జనం బరువుకు బదులు ఇసుక మూటలేసి నడిపి చూశాం. ఎంత తాగుతుందో తెలిసేలా, ఇంజనుకు డీజిలు అందే సీసాకు దారం గుర్తు కట్టాను. బల్లపరుపు అడుగున్న వెడల్పుది నెమ్మదిగా పోతున్నా వెనక పెద్ద అల లేపింది. "ఆ అలంతా మీ డీజిలేనండి," అన్నాడు మేస్త్రి. సన్నది నీళ్లు కదిలీ కదలకుండా పోయింది. అరగంటకు సీసాలో వేలెడు కూడా తగ్గలేదు. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! బావ సీసా వంకైనా చూడలేదు, వంగి నీళ్లనే చూస్తున్నాడు. కళ్లు తిరుగుతున్నాయేమో అనుకున్నాను.

సన్న పడవకే మాట ఇచ్చి, పదకొండింటి బస్సెక్కాం. బళ్లారి దాటాక అడిగాను, అంతసేపు నీళ్లలో ఏం చూశావని.

"మన బావిలో అయితే అరగంటకు బురద పైకొచ్చుండు. ఈడ ఇంజను ఆడతానే ఉండాది, నీళ్లు జానెడన్నా దిగలేదప్పా," అని కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఈ ప్రయాణంలో నాకు మిగిలింది ఆ మాటే. బావుల ఇంజన్ల పని చేసేవాణ్ణయ్యుండి నేను నీళ్లను చూడలేదు, సీసానే చూశాను.

పావగడ దగ్గరపడుతుంటే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "బెంగళూరికి పోయేది లేదు, హొసపేటకు పిల్లోళ్ల గుడ్డలు సర్దమని మీ అక్కకు నువ్వే చెప్పప్పా. నిన్ను పంపింది ఆయమ్మే గదా."

సరే బావా అని, బస్సు ఆగీ ఆగకముందే ఆయనకంటే ముందు దిగాను.