తలుపు కింది బెజ్జం

వాన వెలిశాక, నిలిపి ఉన్న కారు తలుపుల కింది నుంచి నీటి బొట్లు పడే చప్పుడు వింటే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. మొన్న పాల్వంచ బస్టాండు ముందు అదే జరిగింది. ఎవరిదో తెల్ల కారు. ఎడమవైపు తలుపు కింద బొట్లు పడుతున్నాయి. కుడివైపు కూడా పడుతున్నాయా అని చుట్టూ తిరిగి వెళ్లి వంగి చూశాను. డ్రైవరు అద్దం దించి, "ఏంది అక్కా, ఏమన్న పడిపోయిందా?" అన్నాడు. ఏమీ లేదన్నాను. రెండువైపులా పడుతున్నాయి. మనసు కుదుటపడింది. ఈ అలవాటు యాకూబ్ చాచా పెట్టిన భిక్ష.

చాచాది కొత్తగూడెం రోడ్డు మీద కార్ల సొట్టలు తీసి డెంటింగు చేసే షెడ్డు. మా ఆయన బొగ్గు బావిలో కాంట్రాక్టు పని చేస్తూ నడుం దెబ్బతిని మంచాన పడ్డప్పుడు, నేను అక్కడ బండ్లు కడగడానికి చేరాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది కానీ లెక్కలు ఆగలేదు. దేన్ని చూసినా కొలతలు, పాళ్లు లోపల వాటంతటవే నడిచేవి. రేకు మీద గుంటలు పూడ్చే ముద్దను మా వైపు లప్పం అంటారు. అందులో గట్టిపరిచే మందు ఎండాకాలానికి ఒక పాలు, వానాకాలానికి ఇంకో పాలు కలపాలి. నేను కంటి అంచనాతోనే ఆ తేడా పట్టుకుంటున్నానని గమనించి, చాచా నన్ను కడిగే పని మాన్పించి లప్పం పనిలో పెట్టారు.

తలుపుల మీది పాత పట్టీలు, బండి పేరు అక్షరాలు ఊడదీసేటప్పుడు ఆయన స్క్రూడ్రైవరు ముట్టేవారు కాదు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టి, వెనక నైలాను దారం దూర్చి రంపంలా ఆడించేవారు. తీసిన ప్రతి ముక్కనూ గోనెపట్టా మీద, బండి మీద అది ఉన్న చోటు ప్రకారమే పరిచేవారు. పని అయ్యేసరికి నేల మీద కారు ఆకారం వచ్చేది. దాన్ని 'బండి నీడ' అనేవారు. నీడకు రెండు చెంపలూ ఒక్కతీరుగా ఉండాలని, ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆగాలని ఆయన మాట.

ఆ రోజుల్లో మా ఆయన మాట్లాడడం బాగా తగ్గించారు. ఇంట్లో ఆ నిశ్శబ్దం నాకు భయంగా ఉండేది. ధైర్యాలు, డాక్టరు మాటలు, కోలుకున్న వాళ్ల కథలు, ఏదో ఒకటి తెచ్చి అందులో నింపేదాన్ని. నేను మాట్లాడేకొద్దీ ఆయన గోడవైపు తిరిగేవారు. ఒకరోజు పట్టీలు తీస్తూ చాచాతో ఈ బాధ చెప్పుకున్నాను. ఆయన వింటూనే దారం ఆడించారు.

లింగయ్య వచ్చింది ఆ వానాకాలంలోనే. అతని కారు ఒక ఆఫీసుకు కిరాయికి నడిచేది. మర్నాడు అక్కడ బండ్ల తనిఖీ. పట్టీలు, పైన క్యారియరు తీసేయాలి, బాడీకి బెజ్జాలు ఉండకూడదు. తప్పితే కిరాయి వేరే బండికి పోతుంది, అతని ఇల్లు నడిచేది దాని మీదే. ఒక్క బెజ్జం కూడా కనపడకుండా అంతా లప్పం కొట్టమని చెప్పి, నావైపు చూసి, "ఈ అక్కనా చేసేది?" అన్నాడు.

"అవ్. జల్దీ కావాలంటే నేను చేస్త. మంచిగ కావాలంటే ఆమె చేస్తది," అన్నారు చాచా.

పట్టీలకూ క్యారియరుకూ కొట్టిన పాత బెజ్జాలకు చాచా వెనకనుంచి రేకు అతికి వెల్డింగు చేస్తే, నేను పైన పలచగా లప్పం పూశాను. లప్పం ముఖానికి రాసే పౌడరు లాంటిది, ఎముక కాదు అని ఆయన ఎప్పుడూ అనేవారు. తరువాత తలుపుల అడుగు చూశాను. ఎడమ తలుపుకు కింద రెండు బెజ్జాలు, కుడి తలుపుకు ఒకటే. ఆ మాట చాచాకు చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"గట్లనా? మరి రెండోది ఏడికి పోయింది?"

వేలితో తడిమి, మేకుతో నొక్కాను. ఎవరో ఎప్పుడో పెట్టిన లప్పం పెచ్చు ఊడి, తుప్పునీళ్లు నా పాదాల మీద పడ్డాయి. చుట్టూ రేకు అప్పడంలా విరిగింది. లింగయ్య కంగారుగా వంగి చూశాడు. మళ్లీ మూసేయమని, రేపటిదాకా ఆగితే చాలని బతిమాలాడు.

చాచా లేచి వచ్చి అతని పక్కన కూర్చున్నారు. "గవి కంపెనోడు మర్చిపోయిన బెజ్జాలు కావు తమ్మీ. అద్దం సందుల నుంచి వాననీళ్లు లోపలికి పోతయ్. పోయినయ్ బయటికి రావాలె గద. పూడ్చే చెయ్యి అందరికుంటది. ఏది వదిలెయ్యాల్నో చూసే కన్ను కావాలె." తరువాత నావైపు చూపించారు. "రేపటికి ఎంత అయితదో ఆమెనడుగు. లెక్క ఆమెదే."

ఆ షెడ్డులో నా లెక్కను ఒకరి ముందు పెట్టడం అదే మొదలు. కుళ్లిన రేకు కోసి కొత్తది అతకాలి, లప్పం గట్టిపడాలి, రంగుకు ముందు పూసే ప్రైమరు ఆరాలి. ఆ ముసురులో రంగుకు వేళ చాలదు. బూడిదరంగు మచ్చ కనబడుతుంది, కుళ్లు మాత్రం ఉండదు, నీళ్ల దారి తెరిచే ఉంటుంది అని ఉన్నదున్నట్టు చెప్పాను. అతను బండినీ నన్నూ చూసి, "కానీయ్ అక్కా," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నందాకా ఏ బండి చప్పుడు విన్నా రోడ్డువైపు చూశాను. లింగయ్య వచ్చాడు. కారు ముందు అద్దానికి ఆఫీసు బోర్డు అలాగే ఉంది. రంగు తొందరలో వేయించాలన్న షరతు మీద బండిని ఒప్పుకున్నారట. "గా మచ్చ ఏందని అడిగిండ్రు. మా అక్క పెట్టిన దిష్టిచుక్క అని చెప్పిన," అన్నాడు. చాచా నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పడుకున్నారు. నోటిదాకా వచ్చిన ధైర్యపు మాటను ఆపి, మంచం పక్కన కూర్చున్నాను. వాన పడుతూనే ఉంది. చాలాసేపటికి ఆయనే అన్నారు: "నడుం నొప్పి ఓర్చుకుంటనే. ఇగ బావిలకు దిగలేను గద, గదే ఓర్వలేకపోతున్న." దెబ్బ తగిలాక ఆయన కంట నీరు చూడడం అదే మొదటిసారి. నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

చాచా ఇప్పుడు లేరు. ఏ బండికి ఎంత పని, ఎన్నాళ్లు పడుతుంది అన్న లెక్క ఆ షెడ్డులో ఇప్పుడు నేనే చెబుతున్నాను. బండి రాగానే ముందు వంగి తలుపుల అడుగున వేలు పెట్టి చూస్తాను. మా ఆయన ఇంటి ముందు సైకిళ్లు బాగుచేస్తూ నలుగురితో నవ్వుతూనే ఉంటారు. వాన పట్టిన కొన్ని సాయంత్రాలు మాత్రం మాటలేకుండా కూర్చుంటారు. నేను పీట తెచ్చుకుని పక్కన కూర్చుంటాను. ఏమీ పూడ్చను.