బస్సుకు మిగిలిన ఒక్క ఆదివారం

హైదరాబాదులో సినిమావాళ్ల ఇళ్లు చూపిస్తూ తిప్పే మా టూర్ బస్సు సీట్లన్నీ పీకేసి బిర్యానీ బండి చేసుకుంటానని ఒకాయన బేరానికి వచ్చిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. బిర్యానీ మీద నాకేం కోపం లేదు. నా బస్సు జోలికి వస్తేనే కోపం.

లాక్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచి బస్సు షేక్‌పేటలో ఓ ఖాళీ జాగాలో ఎండకీ వానకీ నిలబడే ఉంది. టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది. రోడ్లు తెరిచాక కూడా టూరుకి జనం రాలేదు. పక్క సీట్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు కూర్చుంటారంటే అందరికీ భయం. మాలాగే బస్సులు తిప్పేవాళ్లలో ఒకరు కూరగాయలు మోయడానికి పెట్టుకున్నారు, ఇంకొకరు అయినకాడికి అమ్మేశారు. వాళ్లను తప్పుపట్టను. కానీ నేను చెయ్యను. ఆ బస్సులో మా ఆయన స్టీరింగ్ పట్టుకుంటే నేను మైకు పట్టుకున్నాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్ నగర్ దాకా ఏ మలుపులో ఏం చెప్తే జనం నవ్వుతారో నాకు తెలుసు. ఆ బస్సు మెట్టు మీద నిలబడి బిర్యానీ పొట్లాలు కట్టమంటే కడతానా!

మా ఆయనది షేక్‌పేటే. నాది తెనాలి వైపు. ఆ వారమంతా ఇంట్లో యుద్ధమే.

“ఎన్నొద్దులు గిట్ల చూస్తవే? ఇంజన్ ఖరాబైతది. గాయన మంచిగనే అడుగుతుండు,” అనేవాడు ఆయన.

“అమ్మితే నన్ను కూడా కలిపి అమ్మేయండి,” అనేదాన్ని.

చివరికి ఆయనే కాస్త దిగొచ్చాడు. “సరే, వచ్చే ఐతారం టూర్ తీద్దాం. జనం ఎక్కితే బండి మనది. ఎక్కకపోతే సాయంత్రం గాయనకు తాళాలిచ్చేస్త. మళ్ల నన్నేమనొద్దు.” ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను!

ఆ ఆదివారం తెల్లారేసరికి, ఫోన్లో సీట్లు చెప్పిన కుటుంబాలన్నీ ఒక్కొక్కటే జారుకున్నాయి. ఒకరింట్లో దగ్గు. ఇంకొకరికి అత్తగారు వద్దన్నారు. చెక్‌పోస్ట్ దగ్గరికి వచ్చింది కరీంనగర్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య, అంతే. ఇద్దరూ మాస్కులు సర్దుకుని చిట్టచివరి సీట్లో కిటికీ పక్కన కూర్చున్నారు.

మా ఆయన నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. “ఇద్దరి కోసం బండి తీస్తమా? పైసలు వాపస్ ఇచ్చి పంపు.”

“ఇన్నాళ్ల తర్వాత మొదటి బోణీ అండీ ఇది. బోణీ బేరాన్ని వెనక్కి పంపుతారా?”

ఆయన వాళ్ల నాన్న కిరాణా కొట్లో పెరిగిన మనిషి. పొద్దున్నే మొదట వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపడం ఆయన వల్ల కాదు. వెళ్లి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

ఖాళీ సీట్లకు మైకులో కథలు చెప్పడం ఎంత నరకమో నాకు ఆ రోజే తెలిసింది. నేను నవ్వు మాట వేస్తే చివరి సీట్లో ఇద్దరూ మర్యాదకి తలూపారు. ఏడుపొచ్చింది. మింగేసి గొంతు ఇంకాస్త పెంచాను.

ఫిల్మ్ నగర్ మలుపులో జూనియర్ ఆర్టిస్టులు, సినిమాల్లో గుంపుల్లో కనిపించేవాళ్లు, బ్యాగులు పట్టుకుని నిలబడి ఉన్నారు. రోజూ పొద్దున్నే షూటింగ్ బస్సు వాళ్లను అక్కడే ఎక్కించుకుపోతుంది. ఏ సినిమా, ఎక్కడికి అని ఎవరూ అడగరు. బస్సు ఆగిందా, ఎక్కేయడమే. సరిగ్గా అక్కడే ఆటో అడ్డమొచ్చి మా ఆయన బ్రేకు వేశాడు. గాలి ఆడాలని తలుపు తీసే ఉంచాం. నేను “ఆగండమ్మా, ఆగండి” అనేలోపే బిలబిలమంటూ ఎక్కి సీట్లన్నీ నింపేశారు.

ముందు సీట్లో కూర్చున్న పెద్దామె నా చేతిలో మైకు చూసి, షూటింగ్ మనిషినే అనుకుని, “ఇవాళ పెళ్లా అమ్మా, చావా?” అని అడిగింది.

“రెండూ కాదు, ఇది టూరు బస్సు పిన్నిగారూ!”

బస్సంతా గొల్లున నవ్వింది. దిగుదామని లేస్తుండగా ఆమె ఫోన్ మోగింది. వాళ్లను పనికి పిలిచే ఏజెంటు. యూనిట్లో ఎవరికో కరోనా అని తేలిందట, ఇవాళ షూటింగ్ లేదట. “మళ్లీనా నాయనా!” అంటూ ఆమె కూలబడింది. అందరి మొహాలూ వాడిపోయాయి. మాకూ వాళ్లకూ తగులుకున్న పీడ ఒక్కటే కదా అనిపించి నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది.

“ఎవరూ దిగొద్దు. మాతో రండి. మైకు మీరే పట్టుకోండి,” అన్నాను.

మా ఆయన అద్దంలోంచి గుడ్లురిమాడు. “అందర్ని ఊకెనే తిప్పుతవా?”

“తిప్పుతాను. మీరు ముందు చూసి నడపండి.”

జూబ్లీహిల్స్ సందుల్లో మైకు చేతులు మారింది. “ఈ గేటు ముందు పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా పెళ్లివారికి ఎదురెళ్లానండీ. పెళ్లికొడుకు మాత్రం ఆ రోజు షూటింగుకే రాలేదు,” అంది పెద్దామె. సన్నగా ఉన్న ఒకాయన, “గా మెట్ల మీద నేను సచ్చిన. దోమ కుట్టి కదిలితే మల్ల సంపిండ్రు,” అన్నాడు. నేనెన్నడూ అంత నవ్వు తెప్పించలేదు. కాస్త కుళ్లుకున్నాను కూడా. బ్యాంకాయన, భార్య ఒక్కో సీటే జరుగుతూ ముందుకొచ్చేశారు. “మరి సినిమాలో మీ మొహం కనబడ్డదా?” అని ఆవిడ అడిగింది.

“వీపు కనబడిందమ్మా. మా పిల్లలు గుర్తుపట్టారు,” అంది పెద్దామె.

సాయంత్రం తిరిగి చెక్‌పోస్ట్ దగ్గర ఆగేసరికి బిర్యానీ ఆయన కొలత టేపు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. బ్యాంకాయన దిగుతూ, “వచ్చే ఐతారం మా బ్రాంచోళ్లందర్ని తోల్కొస్త. కానీ వీళ్లుండాలె,” అన్నాడు.

“ఉంటారు. కూలి ఇచ్చి పెట్టుకుంటాం,” అన్నాను. మా ఆయన్ని అడగలేదు. ఆయన వైపు చూడను కూడా లేదు.

ఈలోగా బిర్యానీ ఆయన బస్సెక్కి, ముందు సీటు మీద టేపు చాపబోతూ, “జర లెవ్వమ్మా, కొలత తీస్కోవాలె,” అన్నాడు పెద్దామెతో. నా నోట్లో తిట్టు తయారుగా ఉంది. నాకంటే ముందే మా ఆయన స్టీరింగ్ వదిలి లేచాడు.

“టేపు మడువు అన్నా. సీట్ల మనుషులున్నరు, కనిపిస్తలేదా?”